నల్ల లారీ నుదుటి మీద పేరు

మొన్న మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసింది. నేను ముందుగదిలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆ పుల్లటి ఘాటు గడప దాటి వచ్చి ముక్కుకు తగిలేసరికి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. విరుదునగర్‌లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కోవిల్పట్టిలో రేకు కప్పిన ఒక చిన్న గదిలోకి వెళ్ళిపోయాను. ఆ గదిలో వెనిగర్ వంటకు కాదు. దూదిని అందులో ముంచి, బొమ్మ లారీ మీద అతికించిన అక్షరాలకు అద్దేవాళ్ళం. పలుచటి పొర మెత్తబడి రేకు వంపును కరుచుకునేది. "ఏమత్తా, కండ్లు మండుతుండాయా?" అని పిల్ల లోపలినుంచి అడిగింది. "అవును పాపా" అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఆ గది మాసిలామణి మామది. మాకు చుట్టం కాదు, ఎదురింటివాడు. మా వీధిలో అందరూ కూలికీ ఫ్యాక్టరీకీ పోయే తెలుగువాళ్ళే. పెద్దవాళ్ళందరూ మామలూ అత్తలే. మామ శివకాశిలో సైకిళ్ళకు అతికించే ట్రాన్స్‌ఫర్లు అచ్చువేసే చోట సగం ఆయుష్షు గడిపాడు. పాత నల్ల సైకిళ్ళ కడ్డీల మీద బంగారు రంగులో పేరూ పువ్వూ ఉండేవి కదా, అవి చేత్తో గీసినవి కావు. జిగురు పూసిన కాగితం మీద అచ్చువేసి, నీళ్ళలో నానబెట్టి, జారవిడిచి అతికించినవి. షుగర్ వచ్చి చూపు మసకబారాక ఆయన ఆ పని మానుకుని ఇంటిపట్టున ఉండిపోయాడు. బిస్కెట్ డబ్బాల రేకు కత్తిరించి చిన్న చిన్న లారీలూ బస్సులూ చేసేవాడు. అమ్మడానికి కాదు, పిల్లలు ఆడుకోవడానికి అంతకంటే కాదు. ఎవరైనా చెయ్యి వేస్తే "ఏయ్, తాకొద్దు, బండి స్టార్ట్ చేసుండాను!" అని అరిచేవాడు. గోడ మీది చెక్క నిండా వరుసగా నిలబెట్టుకుని చూసుకోవడమే ఆయన సంతోషం. అన్నిటికీ ముదురు రంగులే: నల్లటివి, కటిక నీలంవి, సీసా పచ్చవి. ఎందుకు మామా ఇంత చీకటి రంగులని అడిగితే, "తెల్లదాని మీద ఎవడైనా అతికిస్తాడు పాపా. నలుపు మీద అతికించి చూపించమను" అనేవాడు.

నేను ఆయన గదిలోకి ఎలా చేరానో చెప్పాలి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ నా గుండెను పాడుచేసి పోయింది. నాలుగు అడుగులు వేగంగా వేస్తే ఊపిరి అందేది కాదు. బడి మాన్పించారు. మా అవ్వది చిత్తూరు వైపు. పెళ్ళి చేసుకుని ఈ కరిసల్ నల్లరేగడి దేశానికి వచ్చినప్పుడు తెలుగు బైబిలు ఒకటి వెంట తెచ్చుకుంది. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకంలోనే అక్షరాలు నేర్పింది. మా వీధంతా తెలుగే మాట్లాడుతుంది, తెలుగులోనే తిట్టుకుంటుంది, తెలుగులోనే ఏడుస్తుంది. చదవడం మాత్రం తమిళమే. ఏసు గుడిలో పాట తమిళం, బస్సు మీది బోర్డు తమిళం, రేషన్ కార్డు తమిళం. అవ్వ పోయాక ఆ వీధిలో తెలుగు చదవగలిగినదాన్ని నేను ఒక్కదాన్నే మిగిలాను. అది ఒక గొప్ప అని అప్పట్లో నాకు తోచలేదు. ఎవరికీ పనికిరాని గొప్ప ఏం గొప్ప? మంచం పక్కన కూర్చుని, అమ్మ ఇంటికి తెచ్చిన అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అతికించేదాన్ని. మామ ఒకరోజు గుమ్మంలో నిలబడి నా చేతులే చూస్తూ ఉన్నాడు. "ఈ పిల్ల లేబుల్ వంకర పోదే!" అని అమ్మతో అన్నాడు. "గుండె బాగాలేకపోతే ఏమి, వేళ్ళు బాగుండాయి. మా ఇంటికి పంపించు. కూచోని చేసే పనే." దేవుడు ఒక తలుపు మూసినప్పుడు నేను చాలా ఏడ్చాను. ఎదురింటి తలుపు తెరిచి ఉంచినందుకు ఆయనకు ఈరోజుకీ వందనాలు చెప్పుకుంటాను.

మామ ముందు నేర్పింది అతికించడం కాదు, ఓర్చుకోవడం. నల్ల బస్సు ఒకటి నా చేతిలో పెట్టాడు. రంగు ఆరి, మసిబొగ్గులా మెరుపు లేకుండా ఉంది. నీళ్ళలో నానిన పువ్వు బొమ్మను దాని మీదికి జారవిడిచాను. ఎంత చక్కగా కూర్చుందో అనుకున్నాను. ఆరాక చూస్తే పువ్వు చుట్టూ బూడిద చల్లినట్టు తెల్లటి మసక. తుడిచినా పోలేదు. మామ దగ్గరికి తెచ్చుకుని, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూశాడు. "గాలి పాపా. రంగు గరుకుగా ఉండాది, ఆ గరుకు సందుల్లో గాలి దాక్కునింది. తెల్లదాని మీదైతే తెలీదు. నలుపు దేన్నీ దాచిపెట్టదు" అన్నాడు. నలుపు అన్నిటినీ దాచేస్తుందని లోకం అనుకుంటుంది. ముందు మెరుగు వార్నిష్ పూసి అద్దంలా చెయ్యాలి, దాని మీద అతికించాలి, నీళ్ళు బయటికి నెట్టాలి, బుడగ కనబడితే సూదితో పొడిచి వెనిగర్ అద్దాలి, అంతా అయ్యాకే మళ్ళీ మెరుపు చంపుకోవచ్చు. ఇంకోసారి పసుపు అక్షరాలు అచ్చువేసి నల్ల రేకు మీద వేస్తే పసుపు మాయమైపోయి బురద మరకలా మిగిలింది. అప్పుడు చెప్పాడు: "పసుపు ఒంటరిగా నలుపు మీద నిలబడలేదు. కింద తెలుపు పరచాల. ముందు తెల్లసిరాతో అదే అక్షరం, దాని మీద పసుపు. చూసేవాళ్ళకు తెలుపు కనబడదు. కానీ మోసేది అదే."

నానబెట్టడానికి మా దగ్గర గడియారం ఉండేది కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన నిదానంగా ఒకసారి చెప్పుకుంటే కాగితం నుంచి పొర వదులయ్యేది. ఇద్దరం గిన్నె మీదికి వంగి తెలుగులో చెప్పుకునేవాళ్ళం. "ఆమేన్ అంటే ఎత్తేయ్" అనేవాడు మామ. ఆయన భార్య సలోమి అత్త వాకిట్లో బియ్యం చెరుగుతూ నవ్వేది. "దేవుని ప్రార్థన చెప్పి లారీకి బొట్టు పెడతారా, మొగుడా? నరకంలో కూడా నీకు ట్రాన్స్‌ఫర్ ఆఫీసే ఇస్తారులే!" "నువ్వు పక్కన లేకుండా ఉంటే నరకమైనా సరే" అని మామ. ఇలా ఉండేది ఆ ఇల్లు. నాకు ఆ ఇంట్లో గుండె సంగతి గుర్తొచ్చేది కాదు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. గుడి రిజిస్టర్లో, బడిలో అరుళ్‌రాజ్. ఇంట్లో ఎర్రబ్బి. మనిషి మాత్రం పెనం అడుగు లాంటి నలుపు. వీధిలో ఆడవాళ్ళు సలోమి అత్తను ఏడిపించేవారు: "ఏమ్మే, మీ ఎర్రబ్బిని చీకట్లో పంపించొద్దు, నవ్వితేగానీ కనపడడు." "నా కండ్లకు ఎర్రగానే ఉండాడు, మీ కండ్లు పోయి ఆస్పత్రిలో చూపించుకోండి" అనేది అత్త. అతను లారీకి క్లీనర్‌గా పోయేవాడు. కోవిల్పట్టి అగ్గిపెట్టెల లోడుతో ఆంధ్రా దాటి పైకి పోయి, పదిహేను ఇరవై రోజులకు దుమ్ముకొట్టుకుని దిగేవాడు. వచ్చిన రోజు నేరుగా తండ్రి గదికి వచ్చి చెక్క మీది లారీల టైర్లు తట్టి, "గాలి తక్కువుండాది ఓనరయ్యా" అని వేళాకోళం చేసేవాడు. ఎప్పటికైనా సొంత లారీ కొంటానని అతని కోరిక. "అందరి లారీలూ ఎర్రవే. నాది నల్ల లారీ. ఎర్రబ్బికి నల్ల లారీ, ఎట్లుండాది?" అనేవాడు. "నెత్తిన నీ పేరు నేనే అతికిస్తాను, ముందు కొను" అనేవాడు మామ.

ఒక వేసవిలో ఆంధ్రా వైపు రోడ్డు పక్కన నిలిపి ఉంచిన లారీలో లోడు అంటుకుంది. ఎర్రబ్బి క్యాబిన్లో నిద్రపోతున్నాడు. ఎలా అంటుకుందో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం చేసుకుంటాం. మేకులు కొట్టిన పెట్టె వచ్చింది. తెరవకూడదన్నారు. మామ పెట్టె మూత మీద రెండు చేతులూ పెట్టి, "ఒక్క తూరి చూపించండి" అని మాత్రం అడిగాడు. తీసుకొచ్చినవాళ్ళు తల అడ్డంగా ఊపారు. అలాగే పూడ్చారు. రాతి మీద తమిళంలో అరుళ్‌రాజ్ అని చెక్కించారు. సలోమి అత్త ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. జబ్బు ఇదని చెప్పడానికి ఏమీ కనబడలేదు. అన్నం తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ మానేసింది. ఆ ఇంట్లో ఎర్రబ్బి అని పిలిచే గొంతు మామది ఒక్కటే మిగిలింది. పిలవడానికి మనిషి లేడు.

కొన్ని నెలలు ఆ గది తలుపు తెరుచుకోలేదు. తెరిచిన రోజు నేను వెళ్ళి చూస్తే మామ ఒక లారీ చేస్తున్నాడు. ఇంతకు ముందు చేసినవాటన్నిటికంటే పెద్దది, పిల్లిని పడుకోబెట్టేంత. అమావాస్య నలుపు పూశాడు. కొడుకు ఫోటో ఒకటి ఉంటే బజార్లో కంప్యూటర్ సెంటర్‌కు ఇచ్చి, ట్రాన్స్‌ఫర్ కాగితం మీద రంగుల్లో అచ్చువేయించుకొచ్చాడు. డ్రైవర్ తలుపు మీద ఆ ముఖం ఉండాలని. కాగితం మీద ఎంత బాగుందో! నవ్వుతున్నాడు. నానబెట్టి నలుపు మీదికి జారవిడిచాం. మా ఇద్దరి కళ్ళ ముందే ముఖం మునిగిపోయింది. కంప్యూటర్ మిషన్‌లో తెల్లసిరా ఉండదు. తెలుపు కావలసిన చోటల్లా అది కాగితాన్ని వదిలేస్తుంది. కాగితం పోయాక ఆ చోట నలుపు వచ్చి కూర్చుంది. పళ్ళు నల్లగా, కళ్ళలో తెల్లగుడ్డు నల్లగా. చివరకు ఒక నీడ మాత్రం మిగిలింది. మామ చూపుకు అదీ కనబడలేదు. "యాడుండాడు పాపా? అతికినాడా?" అని అడిగాడు. నేను చెప్పాను. ఆయన బ్లేడుతో దాన్ని నెమ్మదిగా గీకేశాడు. "సరి. పెట్టెలోనూ చూపించలేదు, ఈడా చూపించడు. వాడి ముఖం నాకు లేదని రాసుండాది" అన్నాడు.

ఆ తర్వాతే పేరు సంగతి వచ్చింది. లారీ నుదుటి పలక మీద ఇంట్లో వాడిన పేరు, వాళ్ళమ్మ నోరారా పిలిచిన పేరు, పెట్టాలి. తమిళంలో రాయండి మామా, మీరే చదువుకోవచ్చు అన్నాను. ఆయన కింద ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు రాసి చూపించాడు. "చదువు." నేను చదివాను: ఎర్రప్పి. తమిళంలో 'బ'కు వేరే అక్షరం లేదు, 'ప'యే రాయాలి. ఆ అక్షరం రెండుసార్లు పక్కపక్కన వస్తే 'ప్ప' అనే చదవాలి, ఇంకో దారి లేదు. "ఎర్రప్పి ఎవడు?" అన్నాడు మామ. ఆయన గొంతు పెరిగింది. "ఎవడు వాడు? నాకు తెలీదు. పెట్టెలో ఎవడుండాడో నేను చూళ్ళేదు. రాతి మీద ఉండేది బళ్ళో వాత్యార్లు పెట్టిన పేరు. నా బిడ్డది అనేది ఒకటి కావాల పాపా. కండ్లు పూర్తిగా పోకముందు కావాల. మన ఎళుత్తులో, తెలుగు అక్షరాల్లో రాసియ్యి." అప్పటికి ఆయనకు కుడికన్ను ఆరిపోయింది. ఎడమదానిలో కాస్త వెలుతురు మిగిలి ఉంది.

నేను ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో రాశాను. జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. మామ దగ్గరగా పెట్టుకుని చూసి నవ్వాడు. "అన్నీ జిలేబీలే! దీంట్లో 'బ' ఏది?" "ఇదిగో, పైన గుడి మూసుకునుండేది, కింద తెరుచుకునుండేది దాని వత్తు." వేలు పెట్టి చూపిస్తే తడుముకుని, "నోరు తెరుచుకునుండాది. పిలుస్తుండాది" అన్నాడు. ఇక మిగిలింది ఆయన పని. పట్టుగుడ్డ బిగించిన చట్రానికి మందు పూసి, దాని మీద నా కాగితం పరిచి ఎండ చూపించి కడిగితే, అక్షరం ఉన్న చోట మాత్రం గుడ్డ తెరుచుకుంటుంది. అందులోంచి ముందు తెలుపు, తర్వాత పసుపు లాగాలి. ఆ వారమే నాకు ఊపిరి ఆడక, విరుదునగర్‌లో పిన్ని ఇంటికి తీసుకెళ్ళి అక్కడి ఆస్పత్రిలో చేర్చారు. ఆక్సిజన్ మాస్కు కింద పడుకుని కూడా నేను పసుపు ఆరిందో లేదో అనుకునేదాన్ని. గవర్నమెంటు ఆస్పత్రి పైకప్పు ఫ్యాను చూస్తూ, దేవుడా, నన్ను తీసుకుపోదలిస్తే ఆ పేరు చూశాక తీసుకుపో అని అడిగాను. అంత చిన్న కోరిక కోరినందుకేమో ఇచ్చాడు.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి లారీ పూర్తయింది. వార్నిష్ కూడా పూసేశాడు. వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. నేను రిక్షా దిగకముందే మా అమ్మ చెప్పింది, "మామ లారీ చూడాల నువ్వు, ఎట్లా మెరుస్తుండాదో!" మామ నా కోసం గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కప్పిన లారీని ఒడిలో పెట్టుకుని. "దా పాపా, కూచో. ఊపిరి తీసుకో. ఇప్పుడు చదువు. గట్టిగా చదువు. చదివి ఇంకా ఎవరూ చెప్పలేదు నాకు." తువ్వాలు తీశాడు. నలుపు మీద పసుపు బంగారంలా వెలుగుతోంది. ఒక్క బుడగ లేదు, ఒక్క బూడిద మచ్చ లేదు. కానీ ఆ రాత నాదే అయినా నాకు అందలేదు. అక్షరాలన్నీ మా ఇద్దరికీ వీపు పెట్టి కూర్చున్నట్టు ఉన్నాయి. ట్రేసింగ్ కాగితం రెండు వైపులా ఒకేలా కనబడుతుంది. తమిళమైతే మామ ఒక చూపులో పట్టుకునేవాడు. ఇది జిలేబీ. బోర్లా పరిచేశాడు. ఎండకేం తెలుసు, అలాగే కాల్చింది. అచ్చువేసినవాడికీ తెలియదు, శభాష్ అన్న వీధికీ తెలియదు.

"చదవవేమి?" అన్నాడు మామ.

"మామా, ఇది తిరగబడింది."

"ఏంది తిరగబడింది?"

"అద్దంలో చూసినట్టుండాది. కాగితం బోర్లా పెట్టినారు."

ఆయన లారీని ఎడమకంటి దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత నవ్వాడు. "వీదంతా చూసి బేష్ బేష్ అని పోయినారే! జిలేబీని ఎట్ల తిప్పినా జిలేబీయే కదా పాపా" అన్నాడు. నవ్వుతూనే తువ్వాలు తడుముకుని లారీ మీద మళ్ళీ కప్పబోయాడు. చక్రాలు తలుపు చెక్కకు తగిలి టకటకమని చప్పుడు. నేను చెప్పకపోయి ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ మాట తర్వాత చాలామంది నాతో అన్నారు, మా అమ్మ కూడా అంది. చదవమని అడిగినవాడికి చదివి చెప్పడం తప్ప నాకు ఇంకేమి చేతనవును?

మా గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి ఆ సాయంత్రం ఓదార్చడానికి వచ్చాడు. మంచివాడు. లారీని అటూ ఇటూ తిప్పి చూసి తమిళంలో అన్నాడు: "బాధపడకు మాసిలామణీ. మనకు తిరగబడినట్టు ఉన్నా, ఆ వైపు నుంచి చూసేవాడికి సరిగ్గానే కనబడుతుంది." నాకు ఆ మాట ఎంతో బాగుందనిపించింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. మామకు రాలేదు. "ఆ వైపుండే దేవుడు చదువుకున్నాడేమో అయ్యగారూ" అన్నాడు, గౌరవంగానే. "నా కొడుకు ఈ ఎళుత్తు చదువుకోలేదు. వాళ్ళమ్మ చదువుకోలేదు. ఆ వైపు చదివేవాళ్ళు మావాళ్ళు ఎవరూ లేరు. ఈ లోకంలో వాడి పేరు చదివేది ఈ పాప ఒకతే. ఈమెకు సరిగ్గా కనపడాల." అని బ్లేడు తెమ్మన్నాడు. ఉపదేశి ఉండగానే గీకడం మొదలుపెట్టాడు. పసుపు రాలింది, దాని కింద తెలుపు రాలింది, కింద నలుపు కూడా లేచి రేకు బయటపడింది. నా చదువుకు విలువ కట్టినవాడు అంతకుముందు ఎవరూ లేరు. ఆ రోజు దాని విలువ నాకు సంతోషంగా తెలియలేదు. గీకుతున్న చప్పుడులో తెలిసింది.

మళ్ళీ చెయ్యడానికి చాలా కాలం పట్టింది. మధ్యలో మదురైలో కంటి ఆస్పత్రికి తీసుకుపోయారు. చెయ్యడానికేమీ లేదని పంపించేశారు. ఎడమకన్ను కూడా ఆరిపోయింది. ఇప్పుడు కాగితం పరిచింది నేను, చట్రం కడిగింది నేను, సిరా లాగింది నేను. మామ పక్కన పీట మీద కూర్చుని వాసనతోనే సంగతులు చెప్పేవాడు. "తెలుపు ఇంకా పచ్చిగుండాది, పసుపు ఎత్తొద్దు." నానబెట్టేటప్పుడు ఇద్దరం ప్రార్థన మొదలుపెట్టాం. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన ఒక వాక్యం మింగేస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది. దేవుని చిత్తం జరగాలని అడిగే చోట పెదవులు బిగించి, తర్వాతి మాటకు దూకేసేవాడు. దాంతో ఆమేన్ ముందుగా వచ్చేసింది. పొర కాగితాన్ని వదల్లేదు. "ఎత్తినావా?" అన్నాడు. "ఇంకొంచెం నానాల మామా" అన్నాను. ఎందుకో ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. ఆ వదిలేసిన వాక్యం నేను లోపల చెప్పుకున్నాను, ఆయన తరఫున. పొర వదిలింది.

పేరు సరిగ్గా కూర్చుంది. గట్టిగా చదివాను: "ఎర్రబ్బి." "ఇంకో తూరి" అన్నాడు. చదివాను. ఆయన చెయ్యి చాచాడు. నేను ఆయన చూపుడువేలు తీసుకుని పలక మీద పెట్టాను. మంచి పనివాడి అతుకు వేలికి తగలకూడదు. రంగులోనే పుట్టినట్టు ఉండాలి. ఆయన పనులన్నీ అలాంటివే. అలా చేస్తే ఈ పేరు ఆయన వేలికి కూడా దొరకదని నాకు ముందే తోచింది. అందుకే తెలుపు ఒక పొర వేయవలసిన చోట పొర మీద పొర వేసి గట్టులా లేపాను, పై వార్నిష్ పూయలేదు. మామ వేలు జారుతూ వెళ్ళి టక్కున ఆగింది. మొహం చిట్లించాడు. "తగులుతుండాదే! ఏం పని పిల్లా ఇది? ఇంత మందమా? నా పేరు చెడగొడతావు, శివకాశిలో ఎవరైనా చూస్తే ఉమ్మేస్తారు." తిడుతూనే ఉన్నాడు. వేలు మాత్రం తియ్యలేదు. ఎ చుట్టూ తిరిగింది, ర్ర మీదుగా దిగింది, తెరుచుకున్న బ వత్తు నోటి దగ్గర ఆగింది. తిట్లు ఆగిపోయాయి.

ఆ ఏడాది వానలు మొదలవుతూ ఉండగా మామ పోయాడు. కాలికి పుండు పడింది, అది పైకి పాకింది. లారీని తనతోపాటు పెట్టెలో పెట్టమని ముందే చెప్పి ఉంచాడు. ఉపదేశి కొంచెం వెనకాడాడు గానీ ఆపలేదు. పెట్టె మూత వేసేముందు నేనే పెట్టాను, కుడిచేతికి అందేలా. ఎర్రబ్బి అని సరిగ్గా రాసిన ఆ ఒక్క రాతా మట్టిలోకి పోయింది. దాన్ని చదివినదాన్ని నేను ఒక్కదాన్నే.

తర్వాత దేవుడు నాకు గుండె ఆపరేషన్ దాటించాడు. తమ్ముడికి పప్పుమిల్లులో పని దొరికి విరుదునగర్ వచ్చేశాం. ఆయన నేర్పిన పని చాలా ఏళ్ళు నాకు అన్నం పెట్టింది. బండ్ల మీద, బొమ్మల మీద ఎన్ని పేర్లు అతికించానో. ఎవరు వచ్చి పేరు చెప్పినా, "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడగడం అలవాటైంది. కొందరు నవ్వుతారు. కొందరు సిగ్గుపడి చెప్తారు. చెప్పించుకుని, చదివి వినిపించి, అవునన్నాకే కాగితం తడుపుతాను.

ఏడాదికోసారి కోవిల్పట్టి గుడిలో పోయినవాళ్ళ పేర్లు చదివే ఆరాధనకు వెళ్తాను. అరుళ్‌రాజ్ అని పాస్టరుగారు చదవగానే నేను పెదవులు గట్టిగా కలిపి, తెరిచి, లోపల ఆ 'బ్బ' పలుకుతాను. తర్వాత సలోమి. తర్వాత మాసిలామణి అని చదువుతారు. అక్కడ నా పెదవులకు పని ఉండదు. అది గుడి పేరు. ఆయన కూడా ఒక ఇంట్లో పుట్టినవాడే, ఆయన్ను కూడా ఒక తల్లి ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటుంది. ఆయన బతికి ఉన్నంతకాలం కొడుకు పేరు కోసమే వెతుక్కున్నాం. ఇప్పుడు అడుగుదామంటే ఆ ఇంటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని ఆ పేరు చదివినప్పుడు తల వంచుకుని, "మామ కోసం వందనాలు ప్రభువా" అంటాను. ఎవరి మామ అని దేవుడు అడగడు.